‘శ్రీ’ అంటే సాలెపురుగు

సాలెపురుగు పేరుతో మొదలయ్యే ఊరు మాకుంది. తిరుపతి నుంచి నాయుడుపేట దారిలో ముప్పై ఆరు కిలోమీటర్లు పోతే, స్వర్ణముఖి ఒడ్డున శ్రీకాళహస్తి. శ్రీ అంటే సాలెపురుగు, కాళం అంటే పాము, హస్తి అంటే ఏనుగు. మూడూ శివుణ్ణి కొలిచి మోక్షం పొందాయని స్థలపురాణం. బడిలో ‘శ్రీ’ అంటే లక్ష్మి అనీ సంపద అనీ నేర్చుకున్న పిల్లకాయలకు కాళహస్తిలో మాత్రం ఆ అక్షరం ఎనిమిది కాళ్లతో కనిపిస్తుంది.

కథ మీకు తెలిసే ఉంటుంది. అడవిలో ఎండకూ వానకూ ఉన్న లింగానికి సాలెపురుగు తన దారంతోనే గోపురాలు, ప్రాకారాలు అల్లింది. పరీక్షించాలని శివుడు దీపం మంటను దాని మీదికి పోనిచ్చాడు. గూడు భగ్గుమంది. ఇంత పురుగు, ఆ మంటనే మింగేయాలని దూకింది. 16వ శతాబ్దంలో ధూర్జటి ఈ కథను శ్రీకాళహస్తీశ్వర మాహాత్మ్యంలో చెప్పాడు. అది వాయులింగం గుడి కాబట్టి, గర్భగుడిలో గాలి ఆడకపోయినా దీపం రెపరెపలాడుతుందని అక్కడ చూపిస్తారు. ఆ దీపం చూసినప్పుడల్లా నాకు గాలి కంటే ముందు సాలెపురుగే గుర్తొస్తుంది.

ఇప్పుడు ఆ గుడికి వచ్చేవాళ్లలో చాలామంది రాహుకేతు పూజకు వస్తారు. అంటే పాము లెక్కలోకి. ఏనుగుకు ఎక్కడైనా మర్యాదే. ముగ్గురిలో సాలెపురుగుకు మాత్రం వేరే టికెట్ లేదు, వేరే క్యూ లేదు.

కావేరి ఒడ్డున తిరుచ్చి దగ్గర తిరువానైకావల్‌లో ఇదే కథ ఇంకో రకంగా చెప్తారు. అక్కడ గొడవ ఏనుగుకూ సాలెపురుగుకూ. లింగం మీద ఇది గూడు అల్లడం, అది చెత్త అనుకుని తొండంతో తుడిచేయడం. చివరికి రెండూ పోయాయి. సాలెపురుగు మాత్రం కోచ్చెంగట్ చోళుడిగా పుట్టి, ఏనుగు ఎక్కలేనంత ఎత్తులో గర్భగుడులు కట్టించిందట. జన్మ మారినా పగ మరిచిపోలేదన్నమాట!

కాళహస్తి పెద్ద గోపురాన్ని 1516లో కృష్ణదేవరాయలు కట్టించాడు. 2010 మే 26న అది కూలిపోయింది. కొత్తది లేచి కుంభాభిషేకం జరిగేసరికి 2017 వచ్చింది. తోటలో చెట్ల మధ్య చక్రంలా వల అల్లే సాలెపురుగులు చాలావరకు పాత వలను తామే తినేసి, మర్నాటికి మళ్లీ కొత్తది అల్లుకుంటాయి. వాటికి టెండర్ల బాధ లేదు.

అసలు ‘సాలె’ అంటేనే నేతపనివాడు. పద్మశాలి, పట్టుసాలి పేర్లలో ఉన్నది ఆ మాటే. అంటే మనవాళ్లు ఈ పురుగును కరిచేదానిగానో, విషమున్నదానిగానో కాక, పని చేసుకునేదానిగా చూసి పేరు పెట్టారు. నగరి, నారాయణవనం, మదనపల్లె పక్కన నీరుగట్టువారిపల్లె, ఇవన్నీ మగ్గం చప్పుడు తెలిసిన ఊళ్లే. కాళహస్తిలోనే కలంకారీ ఉంది. గుడ్డను కరక్కాయ కలిపిన పాలలో నానబెట్టి, బెల్లమూ ఇనుప తుక్కూ పులియబెట్టిన నల్లరంగుతో, వెదురు కలంతో బొమ్మలేస్తారు. దారం, గుడ్డ, బొమ్మ అన్నీ ఉన్న ఊరికి ముందు నిలబడాల్సిన జీవి సరైనదే నిలబడింది.

ఇంక ఇళ్లలోకి వద్దాం.

మా అవ్వ వాళ్లది చిత్తూరు దగ్గర పల్లె. మామిడితోటల అంచున పెంకుటిల్లు. ఆ ఇంట్లో ఎవరెవరు కాపురముంటారో లెక్క తీస్తే రేషన్ కార్డులో పట్టరు. దూలాల మూలల్లో, వెంట్రుకల్లాంటి పొడుగు కాళ్లతో వేలాడుతూ, వేలు తగిలిస్తే గూడు మొత్తాన్ని గడగడ ఊపేసేది ఒకటి. మనం ‘బూజు’ అని దులిపేదాంట్లో ఎక్కువ భాగం దీని పుణ్యమే. దోమలు, ఈగలు, చివరికి తోటి సాలెపురుగులూ దీనికి ఆహారం. గోడ మీద ఎండ పడే చోట అంగుళం కూడా లేని పొట్టిది ఇంకోటి. ముందువైపు రెండు పెద్ద కళ్లు హెడ్‌లైట్లలా ఉంటాయి. వల అల్లదు, ఈగ మీదికి పిల్లిలాగా పొంచి దూకుతుంది. మనం వంగి చూస్తే అదీ తిరిగి మనల్ని చూస్తుంది. దాని చూపు అంత బాగుంటుంది. మూడోది, రాత్రి లైటు వేయగానే గోడ మీద అరచేయంత వెడల్పున చప్పగా పరుచుకుని కనిపించేది. సగంమంది కేకలేసేది దీన్ని చూసే. దీనికీ వల లేదు. బొద్దింకల్ని పరిగెత్తి పట్టుకుంటుంది. ఆడది గుడ్ల సంచిని తెల్లటి బిళ్లలాగా పొట్టకింద కరుచుకుని, పిల్లలు బయటికొచ్చేదాకా దాన్ని వదలదు.

ప్రపంచం మొత్తం మీద పేరు పెట్టి నమోదు చేసిన సాలెపురుగుల జాతులు 2022లోనే యాభై వేలు దాటాయి. ఇవన్నీ కలిసి ఏడాదికి 40 నుంచి 80 కోట్ల టన్నుల పురుగుల్ని తింటాయని 2017లో ఇద్దరు శాస్త్రవేత్తలు లెక్క కట్టారు. వీటిలో అందంలో పేరు మోసినది మన రాయలసీమదే. 1899లో గుత్తి రైల్వే కలప డిపోలో దొరికిన నెమలినీలం రంగు సాలెపురుగు అది. ఆ తర్వాత వందేళ్లు ఎవరికీ కనిపించలేదు. 2001లో నంద్యాల, గిద్దలూరు మధ్య అడవిలో మళ్లీ దొరికింది. అదిప్పుడు అమెరికాలో, యూరప్‌లో గాజుపెట్టెల్లో పెంపుడు జంతువు. మనవాళ్లలో చూసినవాళ్లు తక్కువ.

అవ్వకు ఈ లెక్కలేవీ తెలియవు. ఆమెకు రోజులు తెలుసు. మంగళవారం, శుక్రవారం బూజు దులపకూడదు. భోగికి ముందు ఒకసారి, ఉగాదికి ముందు ఒకసారి, వెదురుగడకు పొరక కట్టి, తలకు తుండుగుడ్డ చుట్టి, ఇల్లు మొత్తం దులిపించాల్సిందే. మిగతా రోజుల్లో ఎవరైనా సాలెపురుగు మీదికి చెప్పు ఎత్తితే మాత్రం ఒప్పుకోదు.

‘‘అది నిన్నేం జేసింది నాయనా? దోమల్ని దింటా దాని పాటికి అదుండాది. పోనీ.’’

అలాగని ఆమె భూతదయ మీద పాఠాలు చెప్పే మనిషి కాదు. జెర్రి కనిపిస్తే చెప్పు, తేలు కనిపిస్తే రోకలి. ఎలుకలు వరిమడి గట్లు తొలిచేస్తే యానాదులకు కబురు పెట్టేది. వాళ్లు కుండలో గడ్డి రాజేసి బొరియలోకి పొగ ఊది, ఇంకో పక్కనుంచి బయటికొచ్చే ఎలుకల్ని చేత్తో పట్టేవాళ్లు. బొరియలో ఎలుక దాచుకున్న వడ్లు కూడా వాళ్లకే. తొలకరి వానకు దీపాల చుట్టూ మూగే ఉసిళ్లనైతే మా వైపు పురుగుల కిందే లెక్కెయ్యరు. రెక్కలు రాలగొట్టి, వేయించి, బియ్యంతో కలిపి పిల్లకాయలకు జేబుల్లో పోసేవాళ్లు. ఏది పురుగు, ఏది పంట, ఏది దేవుడు అన్నది ఇంటింటికీ ఊరూరికీ మారుతుంది. కర్నూలు దగ్గర కోడుమూరులో శ్రావణమాసంలో కొండలరాయుడికి తేళ్లను పట్టి సమర్పిస్తారు. కాణిపాకంలో వినాయకుడి ముందు ఎలుకకు దండం పెట్టి, ఇంటికొచ్చి ఎలుకలబోను కొంటాం.

బల్లి సంగతి వేరే చెప్పాలి. పంచాంగంలో దానికి ఏకంగా పట్టికే ఉంది. తల మీద పడితే ఒకటి, భుజం మీద పడితే ఒకటి. దోషం పోవాలంటే వేలూరు మీదుగా కంచికి పోయి వరదరాజస్వామి గుళ్లో బంగారు బల్లిని, వెండి బల్లిని తాకి రావాలి. తాకొచ్చినవాళ్లను తాకినా చాలని మా వైపు ఒక షార్ట్‌కట్ కూడా ఉంది. నిజంగా ప్రాణమున్న బంగారు బల్లి అయితే మన తిరుమల కొండల్లోనే ఉంది. రాతి పగుళ్లలో ఉంటుంది. మగది పసుపు బంగారు రంగులో మెరుస్తుంది. గొంతు పెద్దది. ఆడవి గుడ్లను ఒకేచోట గుంపుగా రాతికి అతికించి పెడతాయి. శేషాచలం అడవి 2010లో బయోస్ఫియర్ రిజర్వ్ అయింది కాబట్టి కొండమీద దానికి కొంత రక్షణ. కొండ కింద ఇళ్లలో దాని చుట్టానికి మాత్రం చీపురుకట్టే.

తిరుపతి అలిపిరి వైపుకు, కొండ పాదం దాకా పెరిగిపోయింది. నిన్నటిదాకా బండలు, కంపచెట్లు ఉన్న చోట ఇప్పుడు అయిదంతస్తుల అపార్ట్‌మెంట్లు. అక్కడ బాల్కనీలోకి తేలు వచ్చిందంటే, అది మన ఇంటికి రాలేదు, తన ఇంట్లోనే తిరుగుతోంది అనిపిస్తుంది నాకు. మేముండే అపార్ట్‌మెంట్‌లో అసోసియేషన్ వాళ్లు ఏడాది కాంట్రాక్టుతో పురుగుల మందు కొట్టించారు. మర్నాడు పొద్దున మెట్లమీద వెల్లకిలా పడిన బొద్దింకలు, వాటి మధ్య కాళ్లు లోపలికి ముడుచుకుని చిన్న ఉండల్లా అయిపోయిన సాలెపురుగులు. అందరూ వాట్సాప్ గ్రూపులో చప్పట్లు కొట్టారు. నెల తిరక్కుండానే వంటింట్లోకి చిన్న గోధుమరంగు బొద్దింకలు తిరిగొచ్చాయి. ఆ రకంలో ఆడది ఒక్కో గుడ్లపెట్టెలో ముప్పై, నలభై గుడ్లు మోస్తుంది. మందు ఆ పెట్టె లోపలికి సరిగా పోదు. పైగా ఈ మందులకు తట్టుకునే శక్తి వాటికి తరతరానికీ పెరుగుతోంది. సాలెపురుగులు అంత తొందరగా తిరిగి రాలేదు. వాటిని తినేవాళ్లు లేక దోమలకు ఆ వానాకాలం పండగే.

మా సాఫ్ట్‌వేర్ వాళ్లకు ఇది తెలిసిన కథే. 1947లో హార్వర్డ్ మార్క్ టూ కంప్యూటర్ రిలేలో ఇరుక్కున్న రెక్కల పురుగును లాగ్‌బుక్‌లో టేపుతో అతికించారు. ఒక బగ్ తీసేస్తే, దాని మీద ఆధారపడి నడుస్తున్న ఇంకోటి చెడుతుందని అప్పటికి ఎవరూ రాసిపెట్టలేదనుకుంటా.

అసలు విషయానికి వస్తాను. మొన్న నవంబర్‌లో అవ్వకు జ్వరం వచ్చింది. మొదటి రెండు రోజులు వానలో తడిసిందన్నారు. మూడో రోజు ఊళ్లో డాక్టరు ఇంజెక్షన్ వేశాడు. నాలుగో రోజు రక్తపరీక్షలో ప్లేట్‌లెట్లు తగ్గాయి, డెంగీ అనుకున్నారు. పరీక్షలో డెంగీ రాలేదు. ఒళ్లంతా నొప్పులు, తల ఎత్తలేకపోయేది. స్నానం చేయించేటప్పుడు అమ్మ చూసింది. నడుం దగ్గర, సరిగ్గా చీర ముడి పడే చోట, బీడీతో కాల్చినట్టు నల్లటి పెచ్చు, చుట్టూ ఎర్రగా. నొప్పి లేదు, దురద లేదు. పక్కింటి పెద్దామె ఒక్క చూపులో తేల్చేసింది.

‘‘సాలెపురుగు పాకిండాదమ్మా. పసుపు రాయండి.’’

మన దగ్గర చర్మం మీద ఏది లేచినా ముందు అనుమానం సాలెపురుగు మీదే. వానాకాలంలో ట్యూబ్‌లైట్ కింద ఎగిరే, ఎరుపూ నలుపూ పట్టీలున్న సన్నటి పురుగొకటి ఉంది. మెడ మీద వాలినప్పుడు చేత్తో నలిపేస్తే, దాని ఒంట్లోని ద్రవం తగిలి మర్నాటికి గీత గీసినట్టు పొక్కులు లేస్తాయి. నిందేమో సాలెపురుగుకు. సర్పి లేచినా దానికే. నిజానికి మన ఇళ్ల గోడల మీద తిరిగే సాలెపురుగులతో మనిషి ప్రాణానికి ముప్పు లేదు. ఇదంతా అమ్మకు ఫోన్‌లో చెప్పాను గానీ, మరి ఆ నల్లపెచ్చు ఏమిటంటే నా దగ్గరా జవాబు లేదు. పసుపు రాశారు. జ్వరం దిగలేదు. ఆరో రోజు మాటలు తడబడ్డాయి. కారులో తిరుపతికి తెచ్చి పెద్దాసుపత్రిలో చేర్చాం.

అక్కడ డ్యూటీలో ఉన్న కుర్ర డాక్టరమ్మ రిపోర్టుల కట్ట పక్కన పెట్టి, మొదట అడిగిన ప్రశ్న: ‘‘ఒంటిమీద ఎక్కడైనా నల్లగా పెచ్చు కట్టిందా?’’

అమ్మ చూపించింది. డాక్టరమ్మ ఇంకేమీ అడగలేదు, పరీక్ష ఫలితం కోసం కూడా ఆగకుండా డాక్సీసైక్లిన్ మొదలుపెట్టించింది. మర్నాడు ఫలితం వచ్చింది. స్క్రబ్ టైఫస్.

దాన్ని అంటించేది సాలెపురుగు కాదు గానీ దూరపు చుట్టమే. పొదల్లో, గడ్డిలో, ఎలుకలు తిరిగే చోట ఉండే ఒక రకం నల్లి. కరిచేది దాని పిల్ల. మిల్లీమీటరులో నాలుగో వంతు కూడా ఉండదు, కంటికి ఆనదు. చంక, గజ్జలు, నడుం, బట్ట బిగుతుగా ఉండే చోట చూసి పడుతుంది. కుట్టినట్టే తెలియదు. ఓరియెన్షియా అనే బాక్టీరియా దాని ద్వారా ఒంట్లోకి వచ్చి, వారం పది రోజులకు జ్వరం మొదలవుతుంది. మనిషి నుంచి మనిషికి అంటదు. తొందరగా గుర్తిస్తే చవకైన మాత్రలతో రెండు రోజుల్లో జ్వరం దిగుతుంది. ఆలస్యమైతే ఊపిరితిత్తులు, కిడ్నీలు, మెదడు దాకా పోతుంది, ప్రాణాలు తీస్తుంది. నల్లపెచ్చు అందరికీ కనిపించదు. కనిపించినా అది మనం చూసుకోని చోట, చూపించడానికి సిగ్గుపడే చోట ఉంటుంది. ఆడవాళ్లయితే మరీ. 2025 చివర్లో రాష్ట్రంలో ఈ జబ్బు వార్తల్లోకి ఎక్కినప్పుడు చిత్తూరు జిల్లా పేరు ముందు వరుసలో వినిపించింది. వానలు, పొదలు, తోటల్లో పని, ఎలుకలు, అన్నీ మా దగ్గర ఉన్నవే మరి.

అవ్వకు రెండో రోజు సాయంత్రానికి జ్వరం దిగింది. ఆరో రోజు ఇంటికి పంపారు. ఆవుకు గడ్డి కోయడానికి మామిడితోట గట్టు మీద కూర్చునే అలవాటు ఉందామెకు. అక్కడే పట్టి ఉంటుందన్నారు. ఇల్లంతా మందు కొట్టించినా ఆ గట్టు దాకా పోదు. చెయ్యాల్సింది ఇంటి వెనక కంప కొట్టించడం, ఎలుకల్ని తగ్గించడం, గడ్డిలో నేరుగా కూర్చోకపోవడం, తోటనుంచి రాగానే బట్టలు మార్చి స్నానం చెయ్యడం. చిన్న పనులే. అలవాటు మార్చుకోవడమే కష్టం.

కోలుకున్నాక మంచంలో కూర్చుని అవ్వ అన్నది ఒక్కటే. ‘‘పాపం, దాని మీద యేసినాం గదరా నింద.’’

సాలెపురుగుల గురించి తెలుసుకోవడానికి దేశాలు దాటి మా వైపు వచ్చినవాళ్లు కూడా ఉన్నారు. కుప్పం చుట్టుపక్కల ముళ్లచెట్ల మీద, కంచెల మీద మురికి దూదిలా ముద్దగా అల్లుకున్న గూళ్లు కనిపిస్తాయి. ఒక్కో గూట్లో పదులు, ఒక్కోసారి వందల సాలెపురుగులు కలిసి బతుకుతాయి. సాలెపురుగు జాతుల్లో చాలా అరుదైన ఉమ్మడి కుటుంబం ఇది. వాటిని చూడ్డానికి డెన్మార్క్‌లోని ఆర్హస్ యూనివర్సిటీ పరిశోధకులు కుప్పం వచ్చి పనిచేశారు. గూట్లో దాదాపు అందరూ ఆడవాళ్లే. వలలో మిడత పడితే నలుగురైదుగురు కలిసి లాగుతాయి. పిల్లలకు తల్లులూ పిన్నులూ కక్కి తినిపిస్తాయి. చివరికి తమ ఒంటినే తినమని ఇచ్చేస్తాయి. ఈ ముక్క చెప్పినప్పుడు అవ్వ ఏమాత్రం ఆశ్చర్యపోలేదు. ‘‘ఆడోళ్ల బతుకంతా అంతే గదా’’ అని మా అమ్మ వైపు చూసింది.

భోగి దగ్గరపడింది. ఈసారి గడ పట్టింది అమ్మ. అవ్వ మంచం మీదనుంచే మూల మూలకూ వేలు చూపించి పని చెప్పింది. దూలాలు, అటక, దేవుడి పటాల వెనక, అన్నీ దులిపారు. ఇంటి వెనక కంప కూలోళ్లు నాలుగు రోజుల ముందే కొట్టేశారు. నట్టింట్లో క్యాలెండర్ దగ్గరికి వచ్చేసరికి అమ్మ ఆగింది. కాగితం వెనక అరచేయంత పెద్దది, పొట్టకింద తెల్లబిళ్లతో.

‘‘పురుడు అయ్యేదాకా దాన్ని కదిలించొద్దు’’ అంది అవ్వ.

జనవరి సగం దాటినా పాత క్యాలెండర్ డిసెంబర్ పేజీతో అక్కడే ఉంది. కొత్తదాన్ని పక్కన ఇంకో మేకు కొట్టి తగిలించారు. పాలవాడు లెక్క చూసుకోవడానికి వచ్చి, ఏది చూడాలో తెలీక ప్రతిసారీ అడుగుతున్నాడు.